నేను చదివి వినిపించిన అబద్ధం

నేను మా నాన్న సభల్లో పెరిగాను. ఆయన గుంటూరు జిల్లాలో ఊరూరా తిరిగి ముహూర్తాల మీద, జాతకాల మీద, దెయ్యాల మీద వాదించేవారు. ఎదుటివాళ్లు మాట్లాడటం అయ్యేదాకా చేతులు కట్టుకుని వినేవారు, తర్వాత ఒక్కొక్క మాటనూ విప్పి చూపించేవారు. భయపడ్డ మనిషికి అబద్ధం చెప్పడం దొంగతనంతో సమానమని, వాడి దగ్గర మిగిలిన కాస్త ఆలోచననూ ఎత్తుకుపోవడమేనని ఆయన నాకు నేర్పారు. ఆ పాఠాన్ని పట్టుకుని నేను ఇరవై ఏళ్లు వ్యాసాలు రాశాను. ఒక వేసవిలో ఆ పాఠాన్ని నేనే తప్పాను. ఆ వేసవి గురించి మాత్రం ఎక్కడా రాయలేదు.

అది రెండువేల రెండు. అంతకు ముందు చలికాలంలోనే సైన్యం సరిహద్దుకు తరలింది. ఢిల్లీ కంటోన్మెంటులో మా క్వార్టర్ల వరుసలో మగవాళ్లెవరూ లేరు. సుబేదారుగా ఉన్న నా భర్త రాజస్థాన్ వైపు ఇసుకలో ఎక్కడో ఉన్నారు. ఎక్కడని నేను అడగకూడదు, ఆయన చెప్పకూడదు. ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు, అంకెలు ఉండేవి. మాకు పిల్లలు లేరు. నేను తెలుగు పిల్లల బడిలో టీచరుగా చేసేదాన్ని. మే నెల మధ్యలో సెలవులిచ్చేశారు. ఇక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెయ్యడానికి ఏమీ లేదు, భయపడటం తప్ప.

ఆ రోజుల్లో పేపరు తెరిస్తే చాలు, ఏ దేశం రాయబార కార్యాలయం తన వాళ్ల కుటుంబాలను ఇంటికి పంపించేస్తోందో ఉండేది. ఒకరోజు ఢిల్లీ పటం వేసి, నగరం మీద బాంబు పడితే ఎంత మేర ఏమవుతుందో వలయాలు గీసి చూపించారు. మాకు దగ్గరి కూడలి ధౌలా కువాన్ ఎక్కడుందో వెతికి, అక్కడి నుంచి మా క్వార్టరు దాకా వేలు జరిపి, మేము ఏ వలయంలోకి వస్తామో చూసుకున్నాను. తర్వాత ఆ పేపరును బియ్యం డబ్బా కింద పరిచి, నవల తీసుకుని కూర్చున్నాను. అప్పటికే రోజుకు ఒక పుస్తకం లెక్కన మింగుతున్నాను. నవలలోనూ మనుషులు చస్తారు, కానీ ఎవరు చావాలో ఎవరో ఎప్పుడో తేల్చేసి అచ్చు వేయించేశారు. ఇక అందులో కొత్తగా జరిగేది ఏమీ ఉండదు. ఆ నిశ్చింత నాకు బయట ఎక్కడా దొరకలేదు.

మా పక్క క్వార్టరులో ఇరవై మూడేళ్ల పిల్ల ఉండేది. ఏడో నెల నిండింది. మా ఆయన పని చేసే దళంలోనే ఆమె భర్త సిపాయి. ఆమె ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. తెలుగు వింటుంది, సగం తెలుగులో సగం హిందీలో జవాబిస్తుంది, అక్షరం మాత్రం చదవలేదు. ఆమె తల్లి ఢిల్లీలోనే ద్వారక అనే పేటలో ఉంటూ ఏదో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసేది, ఆదివారాలు బస్సెక్కి వచ్చేది. పురిటికి పుట్టింటికి రమ్మంటే ఈ పిల్ల కదలనంది. భర్త ఉత్తరం ఈ తలుపు కిందికే వస్తుందట.

ఒక ఆదివారం ఆ తల్లి ఎర్రగుడ్డలో చుట్టిన లావుపాటి పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"టీచరు గారూ, రోజుకో అధ్యాయం మా అమ్మాయికి చదివి వినిపించండి. దీనికి చదవడం రాదు, నాకు రోజూ రావడం కుదరదు."

"ఏమిటిది వదినగారూ?"

"పారాయణ పుస్తకం. ఇరవై ఒక్క రోజులు. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, అయ్యేదాకా గడప దాటకూడదు. అల్లుడు క్షేమంగా తిరిగొస్తాడు."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, కానీ నవ్వాను.

"అవతలి సైన్యంలో వాళ్ల ఆడవాళ్లు కూడా ఏదో ఒకటి చదువుతూనే ఉంటారుగా. వాళ్ల చదువు పనిచేస్తే మన వాళ్ల గతేమిటి? మనది పనిచేస్తే వాళ్ల గతేమిటి? పైన కూర్చున్నాయన బొమ్మా బొరుసా వేస్తాడా?"

పిల్ల పకపకా నవ్వింది. "మమ్మీ, ఆంటీతో నువ్వు జీత్ నహీ సక్తీ. వదిలెయ్."

"గెలవడానికి రాలేదే నేను. నీ మనసు కుదుటపడుతుందని తెచ్చాను," అంది తల్లి.

"మనసు కుదుటపడటానికి నవల చాలు. నేనే చదివిపెడతాను," అన్నాను.

"నవలా? ఏముంటుంది అందులో, ఏడుపులు తప్ప?"

"మీ పుస్తకంలో ఏడుపులు లేవా?"

ఆమె గుడ్డ మళ్లీ చుట్టుకుని సంచిలో పెట్టుకుంది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "మీరున్నారనే ధైర్యంతోనే పిల్లని ఇక్కడ వదిలి వెళ్తున్నా," అంది. వాదన గెలిచానన్న సంతోషంలో ఆ మాట బరువెంతో నాకు తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే లావుపాటి నవల తీశాను. ఎప్పుడో బెజవాడలో పాత పుస్తకాల కొట్లో కొన్నది, అట్ట ఊడిపోయింది, నేను కూడా చదవలేదు. కోనసీమ నుంచి రంగూన్ వెళ్లిన వడ్రంగి కథ అది. ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తూ ఉంటుంది. కూలర్ రొద చేస్తోంది, వట్టివేళ్ల వాసన వస్తోంది. నేను గొంతు పెంచి చదివాను. మొదటి అధ్యాయం అయ్యేసరికి పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"అచ్ఛా, తర్వాత ఓడ ఎక్కాడా?"

"రేపు."

రోజూ మూడింటికి వచ్చేది. రెండో రోజు నుంచే తలస్నానం చేసి వస్తోందని గమనించాను. నాలుగో రోజు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని కళ్లకద్దుకుంది.

"అది నవలే పిల్లా, వడ్రంగి కథ. దానికెందుకు దణ్ణం?"

"ఆదత్ హై, ఆంటీ." అలవాటు అని కొట్టిపారేసింది.

రోజూ అదే కుర్చీ. పక్కన గ్లాసుతో నీళ్లు. అధ్యాయం మధ్యలో ఎవరైనా తలుపు కొడితే తియ్యనిచ్చేది కాదు. పాలం విమానాశ్రయానికి దిగే విమానం మా కప్పు మీదుగా పోయినప్పుడల్లా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేది. శబ్దం పోయాక "ఆగే" అనేది, ఆ తర్వాతది చదవమని. తల్లి సంచిలో వెనక్కి వెళ్లిపోయిన పారాయణ ఆ పిల్ల తలలో ఉండిపోయిందని, దాని నియమాలన్నీ నా నవల మీదకి ఎక్కాయని నేను గ్రహించాను. గ్రహించి ఊరుకున్నాను. ఎదురుగా ఒక మనిషి నా గొంతు కోసం అంత నిష్ఠగా కూర్చోవడం నాకు బాగుంది. దాన్ని చదువు మీద ఆసక్తి అని పిలుచుకున్నాను.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. గుర్తు చేశాను.

"కథ అయ్యాక వెళ్తా ఆంటీ. మధ్యలో గడప దాటకూడదుగా."

"నీ గడప దాటేగా మా ఇంటికొచ్చావు?"

"వరండా ఒకటే కదా. కప్పు కూడా ఒకటే. చల్తా హై."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అసలు కారణం తల వంచుకుని చెప్పింది. పోయినసారి ఆసుపత్రి బల్ల మీద ఒకావిడ పక్కావిడతో అంటోందట, అక్కడ ఇసుకలో మందుపాతరలు పాతుతూ పాతుతూ మనవాళ్లే... ఆ పైన చెప్పలేకపోయింది. "అక్కడికి వెళ్తే ఏదో ఒకటి వినాల్సొస్తుంది ఆంటీ. ఇక్కడైతే మీ కథే వినిపిస్తుంది."

ఒక్క వారమే కదా అనుకున్నాను. ఆదివారం తల్లి వచ్చి, "చెకప్‌కి వెళ్లిందా టీచరు గారూ?" అని అడిగితే, పిల్ల నా వైపు చూసింది. నేను తలూపాను.

పదకొండో అధ్యాయం రోజున తలనొప్పి అంది. ఎండ అన్నాను. ఆ వేసవి నిప్పులు కక్కుతోంది, ఎవరికి లేదు తలనొప్పి? పన్నెండో అధ్యాయం నాటికి ఆమె పాదాలు చెప్పుల్లో పట్టలేదు, వట్టికాళ్లతో వచ్చింది. వేలికున్న ఉంగరం సబ్బు రాసినా రాలేదు. "చదవండి ఆంటీ, వింటుంటే నొప్పి తెలియదు," అంది. ఈ మాట నేను సరిగ్గా విన్నాను. నొప్పి తగ్గుతుంది అనలేదు, తెలియదు అంది. మత్తు గురించి, మతం గురించి ఎన్ని పేజీలు రాశానో, అన్నీ ఈ తేడా మీదే రాశాను.

పద్నాలుగో అధ్యాయంలో యుద్ధం రంగూన్ దాకా వస్తుంది. వడ్రంగి వేలమందితో కలిసి అడవిదారిన నడిచి బయల్దేరతాడు. పైకి చదివేవాళ్ల కళ్లు నోటికంటే ఒక వాక్యం ముందు ఉంటాయి. నోరు "మూడో రోజు జ్వరం ఎక్కువై అతను ఒక చెట్టుకింద కూలబడ్డాడు" అని చదువుతోంది. కళ్లు ఆ కింది వాక్యాన్ని చూసేశాయి. అతను ఇక లేవలేదు.

తలెత్తాను. పిల్ల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"కాసేపటికి," అన్నాను, "ఆ దారిన పోయే ఒక ముసలాయన అతన్ని చూశాడు. నీళ్లు తాగించాడు."

ఆ ముసలాయన పుస్తకంలో లేడు. ఆ క్షణంలో నేనే పుట్టించాను. పిల్ల గుండెలనిండా గాలి పీల్చుకుని కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత పేజీల్లో ఉన్నదంతా భార్య వైధవ్యం. నేను ఆ పేజీలు తిప్పుతూ, లేని కథ చదివాను. ముసలాయన గుడిసె, అక్కడ కోలుకోవడం, నదిలో తెప్ప, దారి తప్పడం. అచ్చు మీద చూపు నిలిపి, అచ్చులో లేని వాక్యాలు పలకడం రెండు రోజుల్లో అలవాటైపోయింది. ఆమెకు అక్షరాలు రావు గనక దొరికిపోయే భయం లేదు.

అతన్ని ఇంటికి చేర్చేసి కథ ముగించేయొచ్చుగా, పిల్ల ఆసుపత్రికి వెళ్లేదిగా అని ఎవరైనా అడగొచ్చు. నేనూ నన్ను చాలాసార్లు అడిగాను. రెండు జవాబులున్నాయి, రెండూ సిగ్గుపడాల్సినవే. కథ అయిపోతే ఆ మధ్యాహ్నాలు అయిపోతాయి. మళ్లీ పేపరు, మళ్లీ వలయాలు. పిల్లకంటే నాకే ఆ కథ ఎక్కువ కావాల్సి వచ్చింది. రెండోది రాయడానికి ఇంకా కష్టంగా ఉంది. ఒకరోజు అతన్ని ఊరి రేవులో దింపడానికి సిద్ధపడ్డాను. పడవ ఒడ్డుకు చేరుతోంది. అబద్ధంతో ఇతన్ని ఇంటికి తెస్తే, నిజంగా రావలసినాయన రాడేమోనని నా లోపల ఎవరో అన్నారు. మా నాన్న కూతురినైన నేను, బొమ్మా బొరుసా అని ఎగతాళి చేసిన నేను, ఆ మాట విని పడవను వెనక్కి తిప్పేశాను. గాలి ఎదురు తిరిగిందని చదివాను.

నా ట్రంకు పెట్టెలో అప్పటికి పదేళ్ల నాటి వ్యాసం ఒకటి ఉంది. మంచి గడియ కోసం ఆగి, ఆసుపత్రికి ఆలస్యంగా చేర్చిన ఒక గర్భిణి చావు గురించి రాసింది. కాళ్ల వాపు, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ఇవన్నీ రక్తపోటు గుర్తులని డాక్టరును అడిగి మరీ అందులో రాశాను. ఆ ఇంటి పెద్దలను హంతకులన్నాను. ఆ వ్యాసం గుర్తుకు రాలేదని చెప్పడానికి లేదు. వచ్చింది. ఇది వేరు, ఇది ఎండ, రేపు తప్పకుండా తీసుకెళ్తాను అనుకున్నాను. ఆ ఇంటి పెద్దలు కూడా రేపే అనుకుని ఉంటారు.

కాళ్ల వాపు చూసి తల్లి మళ్లీ చెకప్ సంగతి అడిగితే, రెండో ఆదివారమూ తలూపాను.

జూన్ మొదటి వారం దాటింది. ఆ రోజు ధూళిగాలి రేగి, మూడింటికే ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. పిల్ల గోడ పట్టుకుంటూ వచ్చింది. మొహం ఉబ్బిపోయి కళ్లు చిన్నవయ్యాయి. ఎప్పటి కుర్చీలోనే కూర్చుంది, కానీ నా వైపు కాక, నాకు కాస్త పక్కగా చూస్తోంది.

"ఆంటీ, మీ మొహం సగమే కనిపిస్తోంది."

"ఏమిటి?"

"ఇటు సగం చమ్కీలు. చదవండి, అదే పోతుంది. పడవ వచ్చిందా?"

నేను పుస్తకం తెరిచాను. ఈ మాట దాచుకుని బతకొచ్చు, కానీ రాస్తున్నాను. ఆమె అలా అన్నాక కూడా నేను పుస్తకం తెరిచాను, ఒక వాక్యం చదివాను కూడా. రెండో వాక్యంలో ఆమె పక్కటెముకల కింద చెయ్యి నొక్కుకుని నేల మీద వాంతి చేసుకుంది.

పుస్తకం పక్కన పడేసి లేచాను. "పద. ఆసుపత్రికి."

"కథ అవ్వలేదు."

"పదవే, తర్వాత చూద్దాం."

"నహీ. మధ్యలో వదిలితే ఆయన..." కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయింది. లాగితే రాలేదు. ఆ వాపు చేతుల్లో అంత బలం ఎక్కడిదో.

నా దగ్గర ఇక ఒక్కటే మిగిలింది.

"కథ అయిపోయింది," అన్నాను. "ఎప్పుడో అయిపోయింది. అతను చచ్చిపోయాడు. అడవిలో, జ్వరంతో. ముసలాయనా లేడు, పడవా లేదు. అంతా నేను కల్పించి చెప్పాను."

బయట గాలికి రేకులు కొట్టుకుంటున్నాయి. ఆమె కుర్చీ చేతులు వదిలింది.

"ఎక్కడ?" అంది చివరికి, తెలుగులో. "ఎక్కడ రాసుంది?"

పద్నాలుగో అధ్యాయం తీసి ఆ వాక్యం మీద ఆమె వేలు పెట్టించాను. తనకు రాని అక్షరాల మీద, సరిగ్గా కనిపించని కళ్లతో, ఆమె కాసేపు వేలు కదిలించింది. తర్వాత వేలు తీసేసి, నా సాయం లేకుండా లేచింది. నేను గార్డు గదికి పరిగెత్తి ఫోను చేయించాను. బండి వచ్చింది. ఆసుపత్రి గేటు ఇంకా కనిపించకముందే ఆమెకు ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకుంది. నా చీర కొంగు ఆమె పళ్ల మధ్య కుక్కి, దవడ పట్టుకుని కూర్చున్నాను. అది కూడా చెయ్యకూడని పని అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది.

లోపలికి తీసుకెళ్తూనే ఆ డాక్టరమ్మ హిందీలో అడిగింది. "తలనొప్పి ఎన్నాళ్లుగా?"

"పదకొండో అధ్యాయం నుంచి," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నేను వేళ్ల మీద అధ్యాయాలు లెక్కపెట్టుకుని, వాటిని రోజుల్లోకి మార్చి చెప్పాను. పది రోజులు. ఆమె తలుపు మూసుకుంది.

తల్లి ద్వారక నుంచి వచ్చేసరికి ఆపరేషను జరుగుతోంది. నేను అన్నీ చెప్పేశాను. చెకప్‌లు, తలూపడం, వడ్రంగి, ముసలాయన. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"టీచరు గారూ," అంది నెమ్మదిగా, "మా పారాయణలో గడప దాటకూడదంటే, వెళ్లి పూజారిని అడిగేదాన్ని. కడుపుతో ఉన్న పిల్ల, ఆసుపత్రికి వెళ్లొచ్చా అని. వెళ్లొచ్చమ్మా, వచ్చి కాళ్లు కడుక్కుని మళ్లీ కూర్చోమనేవాడు. మీ దాంట్లో ఎవర్ని అడగాలో మాకు తెలియలేదు."

ఇరవై ఏళ్లలో నాతో వాదించినవాళ్లెవరూ అంత మాట అనలేదు. ఇప్పటికీ నేను ఆమె పుస్తకాన్ని నమ్మను. ఆ చలికాలంలో సైన్యం వెనక్కి వచ్చినప్పుడు ఆమె అల్లుడూ వచ్చాడు, మా ఆయనా వచ్చారు. అది ఏ చదువు వల్లా కాదు. కానీ ఆమె అన్న మాట నిజమే. నన్ను అడగమని ఎవరికీ చెప్పకుండానే నేను ఆ పిల్లకు పూజారినైపోయాను. పూజారి తీసుకునే బాధ్యత మాత్రం తీసుకోలేదు.

ఆ సంగతులేవీ ఆ వారంలో మాకు తెలియవు. రెండు రోజులు పిల్ల స్పృహలో లేదు. మూడో రోజు ఉదయం నేను మంచం పక్కన ఉన్నాను, తల్లి కాఫీకి కిందికి వెళ్లింది. ఓ నర్సు సెలైన్ సీసా మారుస్తోంది. పిల్ల కళ్లు తెరిచింది కానీ చూపు ఇంకా రాలేదు. రావడానికి మరికొన్ని రోజులు పట్టొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. చేత్తో పొట్ట తడుముకుంది. అది చదునుగా ఉంది.

"ఎవరు?" అంది.

"నేనే."

పెదవులు ఎండిపోయాయి. "బేబీ?"

"ఉంది. ఆడపిల్ల. చాలా చిన్నది. గాజు పెట్టెలో పెట్టారు. ఊపిరి తనే తీసుకుంటోంది. పొద్దున నేను చూసి వచ్చాను."

అందులో ప్రతి మాటా నిజం. ఒక్కటీ పెంచలేదు, ఒక్కటీ తగ్గించలేదు. ఆమె విన్నది. మొహంలో ఏమీ కదల్లేదు. తర్వాత తల నా వైపు నుంచి అటు తిప్పి, సీసా చప్పుడు వస్తున్న దిక్కుకు చెయ్యి చాపి వెతికింది.

"సిస్టర్," అంది, "ఆప్ బతాయియే. మీరు చెప్పండి."

నర్సు ఆ చెయ్యి పట్టుకుంది. నేను చెప్పిందే చెప్పింది, నాకంటే తక్కువ మాటల్లో. అప్పుడు పిల్ల ఏడ్చింది.